పళ్ళమామ

మా అమ్మాయి కలకత్తా న్యూ టౌన్ నుంచి ఫోన్ చేసి, బాబుకి మొదటి పన్ను వచ్చిందని చెప్పి కాసేపు ఊరుకుంది. మంచి కబురు చెప్పి ఊరుకున్నారంటే వెనకాల ఇంకేదో ఉన్నట్టే. నేనూ ఊరుకున్నాను. చివరికి దానికే ఓపిక నశించి, పన్ను పైన వచ్చిందమ్మా అంది. ఎదురు ఫ్లాట్‌లో కొత్తగా దిగిన తెలుగావిడ చూసి, పై పళ్ళు ముందొస్తే మేనమామకి గండమని చెప్పి చక్కా పోయిందట. కంప్యూటర్ల కంపెనీలో అంతమంది మీద పెత్తనం చేసే పిల్ల, ఆ పన్ను ఫోటో తమ్ముడికి పంపాలా వద్దా అని నన్నడుగుతోంది.

"నీకూ పైదే ముందొచ్చింది. మీ మామయ్య నిక్షేపంలా ఉన్నాడు. నిన్ననే నాతో పోట్లాడి ఫోన్ పెట్టేశాడు" అన్నాను.

మరి అప్పుడేం చేశారని అడిగింది. అప్పుడు మాకు పళ్ళమామ ఉన్నాడుగా అన్నాను. మాట నోట్లోంచి వచ్చాక, ఆయన ఇప్పుడు లేడన్న సంగతి గుర్తొచ్చింది. పోయి ఏడాది దాటింది. ఆ కబురు కూడా మాకు తిన్నగా రాలేదు. వేరే పనిమీద వచ్చినవాళ్ళెవరో వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ చెప్పారు. అలాంటి మనిషి కబురు అలా చెప్పులేసుకుంటూ చెప్పేది కాదని నాకు వాళ్ళమీద కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

పళ్ళమామకి సొంత పేరు ఒకటుంది. రేషన్ కార్డులో ఉండే ఉంటుంది. ఆ పేరు పెట్టి అడిగితే కలకత్తా రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో ఎవరూ ఇల్లు చూపించేవారు కాదు కాబట్టి నేనూ రాయను. సోంపేట వైపు నుంచి వచ్చి రేవులో కళాసీగా చేరినవాడు. మేం ఆ పేటకి వచ్చేసరికే ఓడల్లో సరుకు దించే ఒక గ్యాంగుకి సర్దారు, అంటే పెద్ద. పొట్టిగా, వెడల్పుగా ఉండేవాడు. మూటలు మోసి మోసి మెడా భుజమూ ఒకటైపోయి, తల తిప్పాలంటే మనిషి మొత్తం తిరిగేవాడు. జేబులో ఎప్పుడూ ఒక దువ్వెన. పసిపిల్ల ఉన్న ఇంట్లోకి వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, నూనె పెట్టిన జుట్టు మళ్ళీ దువ్వుకునేవాడు. పిల్లలు మనని మొట్టమొదట చూసిన మొహమే గుర్తు పెట్టుకుంటారని ఆయన సిద్ధాంతం. యూనియన్ ఊరేగింపుల్లో అరిచి అరిచి గొంతు ఆ కేక మీదే స్థిరపడిపోయింది. పిల్ల నిద్రపోతోంది, మెల్లిగా మాట్లాడమంటే మెల్లిగానే మాట్లాడేవాడు. ఆ మెల్లి మాట ట్రాము పట్టాల దాకా వినిపించేది.

మా వైపు నమ్మకం ఏమిటంటే పిల్లలకి కింది పళ్ళు ముందు రావాలి. పైవి ముందొస్తే మేనమామకి మంచిది కాదు. శాంతి జరిగేదాకా ఆ మామ పిల్ల మొహం చూడకూడదు. శాంతి అంటే పెద్ద తతంగమేం కాదు, పళ్ళెంలో నూనె పోసి అందులో పిల్ల నీడని మామ చూడాలి, పురోహితుడు నాలుగు మంత్రాలు చదవాలి. ఊళ్ళో అయితే సాయంత్రానికి అయిపోయే పని. కలకత్తాలో ఉన్నవాళ్ళకి పురోహితుడు దొరకాలి, మామ దొరకాలి. మామలు చాలామంది ఎక్కడో ఓడల మీదా, లేకపోతే రెండు రాత్రుళ్ళ ప్రయాణమంత దూరంలోనూ ఉండేవారు. అలాంటి ఇళ్ళకి పళ్ళమామ వచ్చి, నేనున్నాను కదా అనేవాడు. పిల్ల తల్లిని చెల్లెలు చేసుకుని, ఆ రకంగా తాను మామై, గండం ఏదైనా ఉంటే తన పేర రాసుకునేవాడు. ఇక అసలు మామ హాయిగా వచ్చి పిల్లనెత్తుకోవచ్చు.

ఎందుకు చేస్తావయ్యా ఈ పని అని అడిగితే మనిషికో జవాబు చెప్పేవాడు. మా ఇంటి కింద ఉండే బెంగాలీ పిన్నిగారు, మాసీమాతో, తనకి ఆయుష్షు ఎక్కువుందని జ్యోతిష్కుడు చెప్పాడని చెప్పాడు. ఇంకొకరితో తనకి తోబుట్టువులు లేని లోటని చెప్పాడు. మా ఆయన రేవులోనే గుమాస్తా, మనుషుల్ని ఇరుకున పెట్టడం ఆయనకి సరదా. పొద్దున్న సభలో మూఢనమ్మకాలు చోల్బే నా, చెల్లవు అని అందరికంటే గట్టిగా అరిచింది నువ్వే కదా, సాయంత్రం ఈ నూనె పళ్ళెం ఏమిటని అడిగారు. పళ్ళమామ ఏమీ నొచ్చుకోలేదు.

"పెట్టిలో ఏటుందని కళాసీ అడుగుతాడేటి బావా? కాళీ పెట్టయినా సరే, దింపమంటే దింపాల. ముసిలమ్మ నెత్తి మీద బరువుంది. దింపినాను."

ఆ ముసలమ్మ మా అత్తగారు. ఇక మా ఇంటి కథకి వస్తాను.

మా అమ్మాయి పుట్టినప్పుడు మా తమ్ముడు మాతోనే ఉండేవాడు. షాలిమార్ అవతల ఒక వర్క్‌షాపులో అప్రెంటిస్. రోజూ పడవ మీద గంగ దాటి వెళ్ళి, సాయంత్రం ఇనుమూ నూనే కలిసిన వాసనతో మెట్లెక్కి వచ్చేవాడు. పిల్లకి పళ్ళు వచ్చే రోజులు మొదలయ్యాయి. బుగ్గలు ఎర్రబడ్డాయి, చొంగ కారి మెడంతా ఒరిసిపోయింది, కనిపించినదల్లా కొరకడమే. దోమతెర తాడు కొరికింది, రేడియో మీట కొరికింది, అత్తగారి గాజులు కొరికింది. మాసీమా చెక్కతో చేసిన చుషికాఠి తెచ్చి నోట్లో పెట్టింది. వీధి చివర హోమియోపతి డాక్టరు బాబు తెల్లటి తియ్యటి గుళికలిచ్చాడు, అవి పిల్లకంటే నాకే నచ్చాయి. నేను మెత్తటి గుడ్డ చల్లటి నీళ్ళలో తడిపి నమలడానికి ఇచ్చేదాన్ని. కాసేపు ఊరుకునేది, మళ్ళీ మొదలు. అన్నిటికంటే పనిచేసింది మా తమ్ముడి భుజం. వాడు రాగానే మీదికి దూకి, చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని నములుతూ, మూలుగుతూ, అలాగే నిద్రపోయేది. వాడి చొక్కాలకి ఒక్కదానికీ కాలరు సరిగ్గా ఉండేది కాదు. వర్క్‌షాపులో, ఇంట్లో మేకను పెంచుతున్నారా అని అడిగారట.

ఒకరోజు అత్తగారు చెంచాతో జావ పెడుతుంటే టక్కుమని చప్పుడైంది. అత్తగారి మొహం వెలిగిపోయింది. పన్ను, పన్ను అంటూ వేలు పెట్టి తడిమి చూశారు. ఆ వెలుగు అలాగే ఆరిపోయింది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద మా తమ్ముడి చెప్పుల చప్పుడు. ఆ వయసులో ఆవిడ అంత వేగంగా లేవడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. వాడి మొహం మీదే తలుపు వేసి, గొళ్ళెం పెట్టి, ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు.

వాడు బయట నుంచి, నేనేం చేశాను అత్తయ్యా అంటున్నాడు. లోపల పిల్ల వాడి గొంతు విని రెండు చేతులూ చాచి ఏడుస్తోంది. పురోహితుడి కోసం కబురంపితే, ఆయన కూతురి పెళ్ళికని ఊరెళ్ళాడు, ఎప్పుడొస్తాడో తెలియదన్నారు. మా తమ్ముడు పక్క సందులో స్నేహితుడి గదికి పెట్టె మోసుకుని వెళ్ళిపోయాడు. రోజూ సాయంత్రం మాత్రం మాసీమా వాకిట్లోకి వచ్చి నిలబడి, పైన పిల్ల ఏడుపు విని వెళ్ళిపోయేవాడు. మాసీమాకి మా మీద అసహ్యం వేసింది. వాళ్ళలో పిల్లకి మొదటి అన్నం ముద్ద పెట్టేది మామే. అలాంటి మామని మెట్ల మీద నుంచి తరిమేశారు, మీరేం మనుషులమ్మా అని నన్ను నిలదీసింది.

నాకు ఆ నమ్మకాలేవీ లేవు. చదువుకున్నదాన్ని, అత్తగారితో వాదించాను కూడా. కాని నాకున్నది ఒక్కడే తమ్ముడు. వాదన నేనే గెలిచాను, తలుపు తియ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. అత్తగారిని తిట్టుకోవడానికీ లేదు. వాడంటే ఆవిడకి నాకంటే ముద్దు. తన చేతి చేపల పులుసు మూడోసారి వడ్డించుకునేది ఆ ఇంట్లో వాడొక్కడే. వాడికేమైనా అయితే మీ అమ్మకి నేనేం చెప్పుకోనని నా దగ్గరే కళ్ళు తుడుచుకున్నారు. పిల్ల గుక్కపెట్టి ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయాక, ఆవిడే పళ్ళమామకి కబురు పెట్టారు.

ఆదివారం ఏదో ఊరేగింపు ముగించుకుని, అటునుంచి అటే వచ్చాడు. గుమ్మంలో దువ్వెన తీశాడు. జుట్టు దువ్వుకుని, మీసం దువ్వుకుని, లోపలికి వచ్చి నా చేతిలో ఎర్ర గుడ్డ పెట్టాడు. అన్న చెల్లెలికి రవిక గుడ్డ పెట్టాలి కదా, అదన్నమాట. అది యూనియన్ బ్యానర్లకి తెచ్చిన తానులో మిగిలిన ముక్క. అందరికీ అదే పెట్టేవాడు. అందువల్ల ఆ పేటలో తెలుగు ఆడవాళ్ళలో సగానికి సగం మందికి ఒకే రకం ఎర్ర జాకెట్టు ఉండేది. దుర్గా పూజ పందిట్లో మేమంతా ఒక వరసలో నిలబడితే, ఇది పార్టీ మహిళా విభాగమా అని ఒకాయన మాసీమాని అడిగాడు.

"ఈయాల్టి నుంచి నువ్వు నా సెల్లివి. కాదంటే ఇప్పుడే సెప్పీ" అన్నాడు పళ్ళమామ. కాదనలేదు.

అత్తగారు ఇత్తడి పళ్ళెంలో నువ్వులనూనె పోసి పెట్టారు. ఆయన నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పిల్ల నీడ కోసం నూనెలోకి తొంగి చూశాడు. పిల్లకి అందులో మీసం కనిపించింది. ఏడుపు ఆపి, ఆ మీసాన్ని పట్టుకుందామని చెయ్యి నూనెలో పెట్టేసింది. ఆ చేత్తోనే అసలు మీసం దొరకబుచ్చుకుంది. దువ్వుకున్నదంతా పాడైపోయినా ఆయన కదలకుండా కూర్చుని, తనకి తెలిసిన ఒకే ఒక్క మంత్రం చదివాడు. "నానే నీ మామని. ఏటైనా ఉంటే నాకే సూపించు. ఆ కుర్రోడి జోలికి ఎల్లకు." అంతే. తర్వాత లేచి, కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసుకుని, డాక్టర్లా చేతులు పైకెత్తుకుని వచ్చి, చూపుడు వేలు కణుపు పిల్ల నోట్లో పెట్టాడు. పిల్ల కసిదీరా కొరికింది. ఆయన కళ్ళు మూసుకుని, రుచి చూస్తున్నవాడిలా తల ఊపాడు. గట్టి పన్నే, ఇక తన సైకిలు కొంచెం జాగ్రత్తగా పెట్టుకోవాలని నాతో అన్నాడు.

అప్పుడు తలుపు తీసి, కింద వాకిట్లో ఉన్న మా తమ్ముణ్ణి లైన్ కిలియర్ అని కేకేశాడు. వాడు మెట్లు ఎలా ఎక్కాడో తెలియదు. పిల్ల వాడి భుజం మీదికి ఎగిరిపడి, కాలరు నోట్లో కుక్కుకుని, వెక్కుతూ వెక్కుతూ నిద్రపోయింది. నాకు ఏడుపొచ్చింది. అత్తగారు బొగ్గుల పొయ్యి పొగ అంటూ కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఆ రోజు పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

అన్నగారి హక్కులు మర్నాటి నుంచే మొదలయ్యాయి. ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి, సెల్లీ ఏటొండినావని గిన్నెల మూతలు తీసేవాడు. అదొక్కటీ అయితే సరే. తనకి జరిగిన ప్రతి నష్టాన్నీ ఏదో ఒక పిల్ల పన్ను మీదికి నెట్టేవాడు. సైకిలు పోయింది, అది వెల్డర్ గారి అబ్బాయి పన్ను. వాళ్ళింటికి వెళ్ళి, నీ కొడుకు దెబ్బకి నా సైకిలు పోనాదమ్మా అని గుమ్మంలో కూలబడితే, ఆ ఇల్లాలు పాపం చేపల వేపుడు చేసి పెట్టేది. కామెర్లు వచ్చాయి, అది బియ్యం కొట్టువాళ్ళ పాప. ఆ నెలంతా పథ్యం భోజనం వాళ్ళింటి నుంచే. మైదానంలో తన ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయినా ఎవరో ఒకరి పన్ను ఉండాల్సిందే. గొడుగు ట్రాములో మర్చిపోతే ఆ గొడుక్కి తగ్గ పన్ను, కుక్క కరిస్తే దానికి తగ్గ పన్ను. పిల్లల తల్లులు తిట్టుకుంటూనే వండి పెట్టేవాళ్ళు. కొన్నాళ్ళకి వాళ్ళలో పోటీ కూడా మొదలైంది. తమ పిల్ల పన్ను ఎంత బలమైనదో చెప్పుకోవడంలో అదొక గొప్ప.

మా అమ్మాయి వాటాకి చెప్పు తెగడం వచ్చింది. ఆయన ఆ చెప్పు పట్టుకుని వచ్చి, తెగిన పట్టీ చూపించి, ఇదిగో నీ మనవరాలి దెబ్బ అన్నాడు. అత్తగారికి చిన్నతనమైపోయింది. కామెర్లేమిటి, సైకిలేమిటి, మా పిల్లకి ఒక్క చెప్పు పట్టీయేనా అని ఆ పూట పులుసు కూడా మొహం ముడుచుకునే వడ్డించారు. నెమ్మదిగా చూద్దాంలే అత్తా, పన్ను ఇప్పుడే కదా వచ్చిందని ఆయన ఓదార్చాడు.

కాళీపూజ వెళ్ళాక భాయ్ ఫోఁటా వస్తుంది. బెంగాలీ ఆడపడుచులు అన్నదమ్ముల నుదుట గంధం బొట్టు పెట్టి తినిపించే పండగ. మనకీ ఆ వేళ అక్కచెల్లెళ్ళ చేతి భోజనం ఉంది కదా, రెండూ కలిపేద్దాం అని పళ్ళమామే తీర్మానించాడు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీధి ఆ చివర నుంచి మొదలుపెట్టేవాడు. ప్రతి చెల్లెలూ ఒక గంధం బొట్టు, ఒక సందేశ్ మిఠాయి, నాలుగు గారెలు. మా ఇల్లు వరసలో చివరది. మా దగ్గరికి వచ్చేసరికి నుదుటి మీద బొట్టు పెట్టడానికి జాగా ఉండేది కాదు, గంధం అట్టలు కట్టి కనుబొమ్మల దాకా దిగేది. కడుపులోనూ జాగా ఉండేది కాదు. అయినా ఒక్క ఇల్లూ మానేవాడు కాదు. ఏ చెల్లెలైనా చిన్నబుచ్చుకుంటుందేమోనని గుమ్మంలో కాసేపు అటూ ఇటూ నడిచి, అరిగించుకుని, దువ్వెన తీసి, లోపలికి వచ్చేవాడు. నేను నుదురు వదిలేసి చెంప మీద బొట్టు పెట్టేదాన్ని. మా తమ్ముడు పక్కన కూర్చుని, అసలు తమ్ముణ్ణి నేనక్కయ్యా అని గుర్తు చేసేవాడు.

ఆ పండగ వెళ్ళిన కొన్నాళ్ళకి రేవులో ప్రమాదం జరిగింది. ఓడలోంచి జనపనార బేళ్ళు దించుతుంటే, పైనుంచి కట్టిన తాడు తెగి బేళ్ళు కింద పడ్డాయి. మనుషుల్ని పక్కకి నెట్టి తాను తప్పుకునేలోపల పళ్ళమామ కాలు నలిగిపోయింది. మా ఆయన ఆఫీసు నుంచి మొహం పాలిపోయి వచ్చి ఈ కబురు చెప్పారు. ప్రాణానికి భయం లేదు, కాలు తియ్యక్కర్లేదు, కాని ఇక బరువులు మొయ్యలేడన్నారు.

సైకిళ్ళతో, గొడుగులతో అయిపోతుందని పేటలో ఆడవాళ్ళు అనుకున్న వ్యవహారం ఇక్కడికి వచ్చింది. ఎవరి పిల్ల పన్ను అని పైకి ఎవరూ అనలేదు. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ ఒకరి మొహం ఒకరు చూడడం మానేశారు.

మా ఇంట్లో అత్తగారికి మోకాలి నొప్పి పట్టుకుంది. పిల్లని ఎత్తుకోలేనన్నారు. నేను నిజమే అనుకున్నాను. అప్పటికి పిల్ల గోడ పట్టుకుని నిలబడుతోంది. దవడ పళ్ళు వస్తున్నాయేమో, మళ్ళీ చొంగ, మళ్ళీ ఏడుపు. మా తమ్ముడు లేని వేళల్లో అత్తగారే చిగుళ్ళు మెల్లగా రుద్ది ఊరుకోబెట్టేవారు, దానికి అలవాటు. పాక్కుంటూ వెళ్ళి ఆవిడ చెయ్యి లాక్కుని, వేలు నోట్లో పెట్టుకోబోయింది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో దాచుకున్నారు. పిల్ల మళ్ళీ పట్టుకోబోయింది. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు అలా లేవరు. అప్పుడు నాకర్థమైంది, ఆవిడకి పిల్లంటే భయం వేస్తోంది.

వంటింట్లోకి వెళ్ళి, ఏమిటత్తయ్యా ఇది అని అడిగాను. ఆవిడ పొయ్యి వైపు తిరిగే కూర్చున్నారు.

"సెప్పు పట్టీయేనా అని ఎటకారమాడినాను గదే. మీ తమ్ముడికి రావలసింది ఎవులో కన్న కొడుకు మీద ఏసినాను. దాని నోట్లో నానింక ఏలెట్టనేను."

నేనేమి చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. నాకు ఆవిడ మీద జాలి వేసింది, అంతకంటే ఎక్కువగా నా పిల్ల మీద బెంగ పట్టుకుంది. నాయనమ్మే ఇలా చూస్తే, రేపు పేటంతా ఎలా చూస్తుంది? పిల్ల పెద్దదై, నా వల్ల ఒకాయన కాలు పోయిందని ఎవరి నోటో వింటే?

ఆదివారం అందర్నీ బయల్దేరదీసి, ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అత్తగారు రానన్నారు. నువ్వే కబురు పెట్టావు, నువ్వే రావాలమ్మా అని మా ఆయన గట్టిగా అనేసరికి వచ్చారు.

పెద్ద వార్డు. పళ్ళమామ మంచం చుట్టూ పండగలా ఉంది. చెల్లెళ్ళంతా టిఫిన్ డబ్బాలతో నిలబడ్డారు. ఆయన కాలికి కట్టు వేసి, దానికో బరువు కట్టి వేలాడదీశారు. ఇన్నాళ్ళు నేను బరువులు దింపాను, ఇప్పుడు బరువు నన్ను ఎత్తుతోందని నర్సుకి వచ్చీరాని బెంగాలీలో చెబుతున్నాడు. జుట్టు నున్నగా దువ్వి ఉంది. ప్రతి డబ్బా మూతా తీయించి వాసన చూస్తున్నాడు. కాని ఎవరూ నవ్వడం లేదు. ఎవరి పన్ను అని ఆయన చెప్పడం లేదు, వీళ్ళు అడగలేకపోతున్నారు.

అత్తగారు దూరంగా గోడకి ఆనుకుని నిలబడి, అక్కణ్ణుంచే అడిగారు.

"మా గుంట పన్నేనా బాబూ?"

పళ్ళమామ ఆవిడ వైపు చూశాడు, తర్వాత నా చంకలో ఉన్న పిల్లని చూశాడు. పిల్ల నా చేతుల్లోంచి నాయనమ్మ వైపు వంగుతోంది, ఆవిడ మాత్రం చేతులు చాచలేదు. ఆయన అదీ చూశాడు. మొహంలో నవ్వు పోయింది.

"తాడు కుళ్ళిపోనాదత్తా. మార్చండి మార్చండని కంట్రాక్టరు కాడ మొత్తుకున్నాం. మార్చనేదు. తెగినాది, బేళ్ళు పడినాయి, కాలిరిగినాది. మద్దిన పసిగుంట ఏటి సేసినాది?"

మరి సైకిలు, కామెర్లు అవన్నీ చెప్పావు కదా అని అత్తగారు గొణిగారు. అవన్నీ కూటి కోసం చెప్పానన్నాడు, ఇంతమంది చెల్లెళ్ళ చేతి వంట ఊరికే వస్తుందా అన్నాడు. డబ్బాలు పట్టుకున్నవాళ్ళలో ఎవరో ముక్కు చీదారు. ఆయన మాత్రం ఇంకా అత్తగారినే చూస్తున్నాడు. ఆయన గొంతు నిజంగా మెల్లిగా వినడం నాకు అదే మొదలు.

"నాకూ పైదే ముందొచ్చినాదంట. మా మామ సంద్రంలో ఏటకెల్లి తుపానులో పోనాడు. ఎన్నో పడవలు పోనాయి, ఊరంతటికీ తెలుసు. అయినా నన్నే మామని మింగినోడన్నారు. మాయమ్మ నన్నెత్తుకోడం మానేసినాది. నాకు నడకొచ్చి ఎనకాల తిరుగుతుంటే కొంగు లాక్కునీది. అది నాకు గేపకం."

పిల్ల వైపు చూశాడు.

"గండం నా కాడ ఉందంటే ఇంక పిల్లనెవులూ ఏటీ అనరని మొదలెట్టినాను. నువ్వు దాన్నెత్తుకోకపోతే ఇన్నాళ్ళూ నాను మోసింది దండగే గదత్తా."

అత్తగారు గోడ దగ్గర్నుంచి వచ్చి, నా చంకలోంచి పిల్లని లాక్కున్నట్టే తీసుకున్నారు. మోకాలి నొప్పి సంగతి ఎవరూ ఎత్తలేదు. పళ్ళమామ, పక్కనున్న డబ్బా మూత తీసి, ఇందులో ఉప్పు సరిపోయిందా అని ఎవరినో అడిగాడు. అప్పటికి గాని చెల్లెళ్ళు గట్టిగా ఏడవలేదు, ఆ తర్వాత గాని నవ్వలేదు.

తిరిగి వస్తుంటే ట్రాములో మాకు సీట్లు దొరికాయి. పిల్ల నాయనమ్మ ఒళ్ళో కూర్చుని, రెండు చేతులతో ఆవిడ చూపుడు వేలు పట్టుకుని, నోట్లో పెట్టుకుని నములుతోంది. పన్ను గట్టిగా దిగినప్పుడల్లా ఆవిడ మొహం ముడుచుకుంటున్నారు, వేలు మాత్రం తియ్యడం లేదు. చెయ్యి నొప్పి పుడుతుంది, ఇలా ఇవ్వండి అత్తయ్యా అన్నాను. మా తమ్ముడూ చేతులు చాచాడు. ఇల్లు చేరేదాకా ఆవిడ పిల్లని ఎవరికీ ఇవ్వలేదు.